రెండు కార్డులు, ఒకటే డ్రైవరు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ, అది మెళ్ళో వేలాడే ఆఫీసు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఇంటా బయటా అందరికీ ఆమె నిదానమ్మే. నిదానమే ప్రధానం అన్న మాట అందరూ అంటారు, ఎవరూ ఆచరించరు. ఈవిడ మాత్రం ఎప్పుడో చిన్నప్పుడు విని, నిజమే కాబోలు అనుకుని, అలాగే ఉండిపోయింది.

స్టవ్ కట్టేసి, కట్టేశానా లేదా అని వంగి చూసి, తాళం వేసి, తాళం లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, ఎందుకైనా మంచిదని వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసే మనిషి. రోడ్డు దాటాలంటే అటూ ఇటూ చూస్తుంది. ఒక్క బండి కూడా కనపడకపోతే ఇదేదో అనుమానంగా ఉందని మరోసారి చూస్తుంది. భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. "మా ఆవిడతో సినిమాకి వెళితే నాకు ఏ కథైనా ఇంటర్వెల్ తర్వాతే మొదలవుతుంది" అని దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆవిడకి కోపం రాదు. వచ్చినా, అది బయటికి వచ్చేలోపు అవతలివాళ్ళు సంగతే మరిచిపోయి ఉంటారు.

ఇంత నెమ్మదస్తురాలికి దొరికిన ఉద్యోగం ఎలాంటిదో చూడండి. క్షణం ఆలస్యమైతే కొంపలు మునిగే చోట దొరికింది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అంబులెన్సు కోసం ఫోను చేస్తారే, ఆ ఫోను ఎత్తే కేంద్రం అది. మూడంతస్తుల భవనం. పై అంతస్తులో పెద్ద హాలు. చెవులకి హెడ్‌సెట్లు తగిలించుకుని, ఎదురుగా తెరలు పెట్టుకుని ఆడా మగా వరసగా కూర్చుని ఉంటారు. రోజంతా అక్కడ ఏడుపులూ అరుపులూ వినిపిస్తూనే ఉంటాయి. వాటికి జవాబు చెప్పేవాళ్ళ గొంతులు మాత్రం ఇస్త్రీ చేసిన బట్టల్లా నలగకుండా ఉంటాయి.

ఆ హాలుకి పెద్ద దిక్కు నిదానమ్మ భర్త అక్కగారు, అంటే నిదానమ్మకి వదిన. ఆడపడుచు అర్ధమొగుడంటారు. నిదానమ్మకైతే పగలంతా ఈ అర్ధమొగుడితోనే కాపురం. వదిన నోరు తెరిస్తే మాట మీద మాట, వాన మీద వాన. "నువ్వు లేచి నిలబడేలోపు నేను ఊరు చుట్టి వస్తానే" అని మరదల్ని ఆటపట్టించేది. అయినా ఏదైనా మిషను మొరాయించిందంటే ఆవిడ మరో మనిషిని పిలవనిచ్చేది కాదు. "మా నిదానమ్మ చెయ్యి పెడితే చెడదు" అని పై అధికారుల ముందు కూడా అనేసేది. ఆ మాట విన్నప్పుడల్లా నిదానమ్మకి మనసు నిండిపోయేది. చెయ్యి పెడితే చెడదు అన్న పేరు తప్ప ఆవిడకి ఈ లోకంలో వేరే ఆస్తి లేదు.

ఆ హాలుకి వచ్చే ప్రతి గొంతూ, తెర మీద పడే ప్రతి నంబరూ కింది అంతస్తులో ఒక చల్లటి గదిలో ఉన్న సర్వరు గుండానే వస్తాయి. ఆ సర్వరుని కనిపెట్టుకుని ఉండటమే నిదానమ్మ పని. సర్వరు బయటి ప్రపంచంతో మాట్లాడటానికి రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి, ఒక్కో కార్డుకి ఒక్కో కేబులు. ఒకటి పోయినా రెండోది బరువంతా మోస్తుంది. ఆ రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కావాలని పట్టుబట్టి తెప్పించింది నిదానమ్మే. ఒకదాని గురించి తెలుసుకుంటే రెండోదాని గురించీ తెలిసినట్టేనని ఆవిడ లెక్క. అవి బిగించిన రోజున, కవలపిల్లలకి ఒకే రంగు గౌన్లు తొడిగి చూసుకునే తల్లిలా కాసేపు నిలబడి చూసుకుంది కూడా.

కార్డు ఉత్త ఇనప ముక్క. దానికీ సర్వరుకీ మధ్య మాట నడిపించే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. దాన్నే డ్రైవరంటారు. ఆ మధ్య కార్డుల కంపెనీవాళ్ళు కబురు పెట్టారు: పాత డ్రైవరులో లోపముంది, రద్దీ ఎక్కువైనప్పుడు కార్డు ఉన్నట్టుండి మూగబోవచ్చు, కొత్తది పెట్టుకోండి అని. "ఈ వారం డ్రైవర్ని మార్చేస్తున్నా" అని నిదానమ్మ ఆఫీసులో భోజనాల దగ్గర అంటే, అంబులెన్సు నడిపే ఒకాయనకి ముద్ద గొంతుకి అడ్డం పడింది. "నన్నా అమ్మా? నేనేం చేశాను?" అన్నాడు పాపం.

ఇలాంటి పనికి నిదానమ్మకి ఒక పద్ధతి ఉంది. తనకి పని నేర్పిన పాత సారు చెప్పిన మొదటి మాట, కూర్చున్న కొమ్మని నరుక్కోకు అని. తను పై అంతస్తులో కూర్చుని కింది సర్వరుతో మాట్లాడేది కూడా ఆ కార్డుల మీదుగానే కదా. అందుకని ఏ మార్పైనా ముందు పక్కన పెట్టిన పాత సర్వరు మిషను మీద చేసి చూస్తుంది. పాత డ్రైవరుని చేతికందేలా భద్రం చేస్తుంది. ఒక్కొక్క ఆజ్ఞ విడివిడిగా ఇస్తుంది, ఇచ్చాక ఫలితం చూస్తుంది, చూశాకే రెండోది. తొందరగాళ్ళు తీసెయ్యడం, పెట్టడం రెండూ ఒకే గీతలో కొట్టేస్తారు. అది ఆవిడకి పరమ అసహ్యం. అన్నిటికీ మించి, పని మొదలుపెట్టే ముందు సర్వరుకి ఒక గడువు పెడుతుంది. పావుగంటలో నేను తిరిగొచ్చి వద్దనకపోతే, నీ అంతట నువ్వే ఆగిపోయి, పాత డ్రైవరుతో మళ్ళీ లే అని. ఇంకొకరైతే రెండు మూడు నిమిషాలు పెడతారు. నిదానమ్మకి పావుగంట లేకపోతే ఊపిరాడదు.

రెండు కార్డుల మీదా ఒకేసారి చెయ్యి పెట్టాల్సి వస్తే, ముందుగా ఫోన్లన్నీ పక్క ఊరి కేంద్రానికి మళ్ళించాలని నియమం. ఒక్క కార్డుతోనే పనైతే అక్కర్లేదు. ఆ రోజు పని ఒక్క కార్డుతోనే అనుకుంది. పాత మిషను మీద ముందు రోజంతా చేసి చూసింది. ఒక కార్డు డ్రైవరు తీస్తే రెండో కార్డు చెక్కుచెదరలేదు. ఇక వెనకా ముందూ చూసుకోవలసింది ఏమీ లేదు.

పొద్దెక్కి ఎండ కిటికీల్లోంచి బల్లల మీదికి వచ్చిన వేళ అది. నిదానమ్మ బల్ల హాలు మూలన, అద్దాల అర వెనక. తొలి ఆజ్ఞగా మొదటి కార్డుని పనిలోంచి తప్పించింది. హాల్లో ఒక్క ఫోనూ తెగలేదు. బరువంతా రెండో కార్డు ఎత్తుకుంది. తృప్తిగా తలాడించుకుంది.

అప్పుడు వదిన గొంతు అద్దం దాటి వినిపించింది.

"ఏడవకమ్మా, నేనున్నాను. ఫోను స్పీకర్లో వేసి నేల మీద పెట్టు. మీ ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టావా? రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి, రొమ్ముకి సరిగ్గా మధ్యలో. నొక్కు. ఇంకా గట్టిగా. విరుగుతుందేమోనని భయపడకు. బండి బయల్దేరింది, వస్తోంది. నేను లెక్కపెడతాను, నా లెక్కకి నొక్కు. ముప్పై కాగానే మళ్ళీ ఒకటి. నేను ఆపమనేదాకా ఆపొద్దు, సరేనా? ఒకటి, రెండు, మూడు..."

నిదానమ్మ విన్నది. వినకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ హాల్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి ప్రాణం ఫోను తీగ మీద వేలాడుతూనే ఉంటుంది. ఖాళీ దొరికాక పని చేద్దామంటే ఈ జన్మకి కాదు. ఒక్క కార్డుతో పని, ఎవరికీ ఇబ్బంది ఉండదు. గడువు పెట్టింది. తను టైపు చేసిన ఆజ్ఞని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదువుకుంది. పాత డ్రైవరుని తీసెయ్యమని మీట నొక్కింది.

తెర మీద మినుకుమినుకుమంటున్న గీత ఆగిపోయింది.

దాంతోపాటు హాలు కూడా ఆగిపోయింది. అంతమంది గొంతులు ఒక్కసారిగా, కత్తిరించినట్టు ఆగిపోవడం నిదానమ్మ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే "హలో, హలో" అనడం మొదలుపెట్టారు.

"పదకొండు, పన్నెండు... అమ్మా? వినపడుతోందా? అమ్మా, పలుకు!"

నిదానమ్మ మీట మళ్ళీ నొక్కి చూసింది. ఇది జరగడానికి వీల్లేదు. ఒక కార్డు తప్పించింది, రెండోది మోస్తోంది, కళ్ళారా చూసింది. తను తీసింది మొదటి కార్డు డ్రైవరు. మరి రెండోది ఎందుకు...

అంతలో తెలిసింది. తెలియడం కూడా నిదానంగా తెలియలేదు, నెత్తిన పిడుగు పడ్డట్టు తెలిసింది. కవలలు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి. సర్వరు రెండిటికీ వేరువేరు డ్రైవర్లు పెట్టుకోదు, ఒక్కటే పెట్టుకుని దాంతోనే రెండిటినీ నడుపుతుంది. తను చేసి చూసుకున్న పాత మిషనులో ఉన్నవి రెండు వేరువేరు కంపెనీల కార్డులు. అక్కడ డ్రైవర్లు రెండు, కాబట్టి ఒకటి తీస్తే ఒకటి మిగిలింది. ఇక్కడ ఒకటి తీస్తే ఏమీ మిగల్లేదు. ముచ్చటపడి తెప్పించుకున్న జోడీయే కొంప ముంచింది. ఆ తొందరగాళ్ళలా తీసెయ్యడం, పెట్టడం ఒకే గీతలో కొట్టి ఉంటే, ఈపాటికి కొత్త డ్రైవరు తనంతట తనే వచ్చి కూర్చునేది. ఇప్పుడు రెండో ఆజ్ఞ ఇద్దామంటే అది సర్వరుకి చేరే దారే లేదు.

అద్దాల తలుపు ధడాలున తెరుచుకుంది. వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏం చేశావే?"

నిదానమ్మ ఇంకా ఆగిపోయిన తెర వైపే చూస్తోంది.

"నిన్నే! ఏం చేశావు?"

"వదినా, ఒక్క కార్డే అనుకున్నా... రెండూ పోయాయి."

"కొత్తగా వచ్చే ఫోన్లు వాటంతట అవే పక్క ఊరికి వెళ్ళిపోతాయి, వాటి సంగతి సరే. తెగినవాళ్ళు కూడా మళ్ళీ చేసుకుంటారు. ఆవిడ చెయ్యదు. ఆవిడ రెండు చేతులూ మొగుడి రొమ్ము మీదున్నాయి. బండి ఇంకా వంతెనకి అవతలే ఉందిట, వైర్లెస్‌లో అడిగాను. అది చేరేదాకా ఆయనకి ఆవిడ చేతులే ఊపిరి. నా లెక్క వినపడక ఆవిడ చెయ్యి తీసేసిందనుకో, బండి వెళ్ళి మోసుకొచ్చేది శవాన్నే. ఆవిడ నంబరు కావాలి నాకు. నంబరు తెర మీద ఉంది. తెరేది?"

"పావుగంటలో దానంతట అదే..."

"పావుగంటా!" వదిన అరిచిన అరుపుకి హాలంతా ఇటు తిరిగింది. ఏడ్చేవాళ్ళతో, తిట్టేవాళ్ళతో, తాగి వాగేవాళ్ళతో కూడా గొంతు పెంచని మనిషి ఆవిడ.

అప్పుడు జరిగింది ఆ ఆఫీసులో ఈనాటికీ చెప్పుకుంటారు. నిదానమ్మ పరిగెత్తింది. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. మెట్ల మీద ఎదురైన టీ అబ్బాయి పళ్ళెంతో సహా గోడకి అంటుకుపోయాడు. దారి ఇవ్వడానికి కాదు, ఆ దృశ్యం చూసిన నివ్వెరపాటుకి.

కింది అంతస్తు వరండా చివర సర్వరు గది. మెళ్ళో కార్డు తీసి తలుపు పక్కనున్న పెట్టెకి ఆనించింది. ఎర్ర దీపం. మళ్ళీ ఆనించింది, మళ్ళీ ఎర్ర దీపమే. కార్డుని చీరకి తుడిచి ఆనించింది. అప్పుడు గాని బుర్రలోకి ఎక్కలేదు: ఈ కార్డు ఎవరిది, లోపలికి రానివ్వాలా వద్దా అని ఆ తాళం అడిగేది లోపలున్న సర్వరునే. సర్వరుకి ఇప్పుడు ఎవరి మాటా వినపడదు.

తలుపు ఎదుటే ఉంది, పని తలుపుకి నాలుగడుగుల అవతలే ఉంది, కొట్టవలసింది ఒక్క గీత. ఇన్నేళ్ళుగా రోజూ ఈ తలుపు తీస్తూ, ఒక్కనాడైనా ఈ సంగతి తోచిందా? ఎన్నిటికి ఎన్ని జాగ్రత్తలు పడింది! ఈ ఒక్కటీ ఎలా తోచలేదు?

కాపలా బాబాయి పరుగున వచ్చాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దాయన, అందరికీ బాబాయే.

"ఏంటి తల్లీ, ఏమైంది?"

"తాళంచెవి, బాబాయ్! ఈ తలుపుకి మామూలు తాళంచెవి ఒకటి ఉండాలి. ఎక్కడుంది?"

"ఉందమ్మా. ఎవరుపడితే వాళ్ళు తియ్యకుండా భద్రంగా పెట్టమన్నారు కదా, పోయినేడు."

"ఎక్కడ పెట్టారు?"

బాబాయి తలుపు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "లోపలే" అన్నాడు మెల్లిగా.

మరో రోజైతే ఇది ఏడాదిపాటు నవ్వుకోవలసిన మాట. నిదానమ్మ ఆయన్ని వెర్రిదానిలా చూసింది. తలుపు పక్కనే సన్నటి అద్దం కిటికీ ఉంది. గోడకి మంటలార్పే ఎర్ర సిలిండరు వేలాడుతోంది. ఆవిడ దాన్ని కొక్కెం నుంచి ఊడబీకింది.

"అమ్మా, ఆగు! అద్దం పగిలితే నేను జవాబు చెప్పుకోవాలి. పై వాళ్ళని ఒక్క మాట అడిగి..."

"అడిగే టైము లేదు బాబాయ్. నేనే పగలగొట్టానని చెప్పు. పక్కకి జరుగు."

మొదటి దెబ్బకి అద్దం నెర్రెలు విచ్చింది. రెండో దెబ్బకి లోపలికి కూలింది. చెయ్యి లోపలికి పెట్టి గొళ్ళెం వెతుక్కుంటుంటే మోచెయ్యి చీరుకుపోయింది. అది ఆవిడకి తెలియనే లేదు. బాబాయే "రక్తం, రక్తం" అంటున్నాడు. తలుపు తెరుచుకుంది.

సర్వరుకి ఆనుకునే చిన్న తెరా, కీబోర్డూ ఉంటాయి. అక్కడి నుంచి మాట్లాడటానికి ఏ కార్డూ అక్కర్లేదు. కొత్త డ్రైవరు జోలికి పోలేదు. భద్రం చేసిన పాత డ్రైవరునే ఎక్కించమని కొట్టింది. ఒకసారి అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్ళీ కొట్టింది. సర్వరు వెనకాల ఒక ఆకుపచ్చ దీపం మెరిసింది, ఆ పక్కనే రెండోది. గడ్డివాములో నిప్పు రాజుకున్నట్టు రెండూ టపటపా మెరవడం మొదలుపెట్టాయి. పైన మూడో అంతస్తులో ఫోన్లు మోగడం మెట్ల దారిన కింది దాకా వినిపించింది.

నిదానమ్మ గోడకి చేరగిలబడిపోయింది. అయిపోయింది. గండం గడిచింది. వదినకి నంబరు కనపడుతూ ఉంటుంది, ఈపాటికి చేస్తూ ఉంటుంది. తలుపు దాటి వరండాలోకి వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టబోతూ, పెట్టకుండానే ఆగిపోయింది.

గడువు.

తను తిరిగొచ్చి వద్దనకపోతే ఆగి మళ్ళీ లెమ్మని చెప్పిన గడువు ఇంకా నడుస్తూనే ఉంది. తిరిగి రావడమైతే వచ్చింది, వద్దనడం మరిచిపోయింది. వదిన ఫోనులోని ఆవిడ గొంతు మళ్ళీ పట్టుకుని, లెక్క మళ్ళీ మొదలుపెట్టే సమయానికి సర్వరు తన మాట తు.చ. తప్పకుండా పాటించి, అన్నిటినీ మళ్ళీ తెంపేస్తుంది. ఒకే మనిషి ప్రాణాన్ని ఒకే పూటలో రెండుసార్లు! నిదానమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. గాజుపెంకుల మీద ఉత్త కాళ్ళతో వెనక్కి ఉరికింది. గడువు రద్దు చేసింది. రద్దయిందా అని చూసింది. అయింది. మిగిలిన సమయం ఎంతో తెర మీద పడింది కానీ, ఆవిడ కావాలనే దాన్ని చదవలేదు.

పైకి వెళ్ళేసరికి ఫోన్లు ఎత్తినవాళ్ళు ఎత్తగా, ఖాళీగా ఉన్నవాళ్ళంతా లేచి వదిన బల్ల చుట్టూ మూగి ఉన్నారు. బల్ల మీది స్పీకర్లో అవతలి ఫోను మోగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇది రెండోసారి" అంది వదిన, ఎవరివైపూ చూడకుండా. "ఎత్తట్లేదు."

మోగి మోగి ఆగిపోయింది. వదిన మళ్ళీ కలిపింది. మళ్ళీ అదే మోత. చేతులు రొమ్ము మీదుంటే ఎలా ఎత్తుతుందని ఎవరో అన్నారు. చేతులు తీసేసి కూర్చున్నా ఎత్తదని అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ అనలేదు. నిదానమ్మ ఆ మోత వింటూ శిలలా నిలబడింది. తను చేసిన పని తిరిగి ఎవరూ సరిచెయ్యలేని పని అయిపోయిందేమో. వదిన హెడ్‌సెట్ తీసి బల్ల మీద పడేసి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఆవిడ అలా కూర్చోవడం కూడా ఆ హాలు అంతకుముందు చూడలేదు.

అంతలో మోత ఆగి, గరగరమంటూ ఒక మగ గొంతు వినిపించింది.

"ఎవరండీ, కేంద్రం నుంచేనా? మేము బండివాళ్ళం. ఇప్పుడే లోపలికొచ్చాం. ఈ ఫోను కింద పడి మోగుతుంటే ఎత్తాను. ఎవరైనా సరే, ఈవిడకి చెప్పండి దయచేసి. చేతులు తియ్యనంటోంది. మేమొచ్చాం, మేం చూసుకుంటాం అంటే వినట్లేదు, తోసేస్తోంది. ఫోనులో ఆవిడెవరో చెప్పాలిట. చెప్పేదాకా ఆపదుట."

వెనకనుంచి, బొంగురుపోయి, తెగిపోతూ ఒక ఆడగొంతు: "ఇరవై రెండు... ఇరవై మూడు... ఇరవై నాలుగు..."

వదిన తలెత్తింది కానీ పెదాలు కదలడమే గాని గొంతు పెగలలేదు. నిదానమ్మే హెడ్‌సెట్ అందుకుంది.

"అమ్మా, ఇక ఆపండి. బండివాళ్ళు వచ్చేశారు. ఇక ఆయన్ని వాళ్ళు చూసుకుంటారు."

"ఇరవై ఆరు... నువ్వు కాదు. ఆవిడ గొంతు వేరు... ఇరవై ఎనిమిది... ఆవిణ్ణి చెప్పమను."

"ఆవిడ ఇక్కడే ఉందమ్మా."

"మరి మాట్లాడదేం? మధ్యలో లెక్క మానేసింది... నేను సరిగ్గా నొక్కట్లేదని కోపం వచ్చిందేమో... అందుకే నేనే లెక్కపెడుతున్నా... ఒకటి... రెండు..."

నిదానమ్మకి అద్దం పగిలినప్పుడు, గడువు గుర్తొచ్చినప్పుడు తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక్కటీ ఒక ఎత్తు. మొగుడి ప్రాణం తన అరచేతుల కింద పెట్టుకుని, ఆ నిశ్శబ్దమంతా తన తప్పేననుకుంటూ ఇంతసేపూ ఒంటరిగా లెక్కపెట్టుకుంటోంది ఆ మనిషి.

"కోపం కాదమ్మా" అంది నిదానమ్మ. ఏడుస్తూనే అంది. "మీరు సరిగ్గానే చేశారు. లైను తెంపింది నేను. తప్పు నాది. ఇదిగో, ఆవిడకి ఇస్తున్నా."

వదిన హెడ్‌సెట్ తీసుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, ఎప్పటి గొంతుతో మాట్లాడింది.

"నేనేనమ్మా. ఇక ఆపు."

లెక్క ఆగింది. అవతల కాళ్ళ చప్పుడు, ఏదో మూత తెరిచిన చప్పుడు, మగవాళ్ళు ఒకరికొకరు పొడిపొడిగా చెప్పుకుంటున్న మాటలు వినిపించాయి. చుట్టూ ఉన్నవాళ్ళందరూ స్పీకరు వైపు వంగి నిలబడ్డారు. వదిన చెయ్యి వెనక్కి చాచి, చూడకుండానే మరదలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యంతా రక్తమని అప్పుడు చూసింది, అయినా వదల్లేదు.

"నాడి ఆడుతోంది" అన్నాడు బండి మనిషి. "తీసుకెళ్తున్నాం. ఈవిణ్ణి కూడా ఎక్కించాలి, చేతులు కొంకర్లు పోయాయి, తనంతట లేవలేకపోతోంది."